గిర్నివాడి గుర్రం: చంద్రి దాణా డైరీ

జనవరి 5

నిన్న రాత్రి పదకొండు దాటాక టెంపో మా గేటు ముందు ఆగింది. మాళేగావ్ జాతర నుంచి ధర్మాబాద్ దాకా మూడు గంటల పైనే నిలబడి వచ్చిన చంద్రి, దిగగానే చేసిన మొదటి పని గోడ వారన మొలిచిన గరికను పీకడం. నీళ్ల బకెట్ చూపించినా తల తిప్పలేదు. బాపు అరుగు మీద కూర్చుని అంతా చూసి, "ఆకలి గల్ల జీవం, బతుకుతది" అన్నాడు. ఆయన సర్టిఫికెట్ అంత సులువుగా ఇవ్వడు.

మాళేగావ్ అంటే నాసిక్ వైపు ఉన్న ఊరు కాదు. మా నాందేడ్ జిల్లాలోనే, లోహా తాలూకాలో, ఖండోబా జాతర జరిగే ఊరు. మనవాళ్లు మల్లన్న అని మొక్కే దేవుడే ఈయన. జాతరలో గుర్రాల బజారే పెద్ద ఆకర్షణ. ధర ఎంతో ఇక్కడ రాయను. ఈ డైరీ మా ఆవిడ కూడా చదువుతుంది.

ఈ గుర్రం ఎందుకంటే, ముగ్గురికి మూడు కారణాలు. బాపు ఇరవై ఏళ్లు స్టేషన్ దగ్గర టాంగా తోలాడు, ఇంట్లో గుర్రం లేని లోటు ఆయనకు ఇంకా ఉంది. మా బావకు పెళ్లి బ్యాండు ఉంది. అద్దె గుర్రాలకు డబ్బు పోసి పోసి విసిగిపోయాడు, అందుకే సగం పెట్టుబడి అతనిది. ఇక నేను. పిండి గిర్ని, పక్కనే దాణా కొట్టు నడుపుతాను. దాణా ఇంట్లోదే కదా, మేపడానికి ఏం ఖర్చవుతుందిలే అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లక్ష్యం: అక్షయ తృతీయ నాటికి పెళ్లికొడుకును మోసేంతగా కండ పట్టించడం.

జనవరి 6

కాటా మీద నిలబెట్టడం కుదరదు కాబట్టి టేపు లెక్క. ముందుకాళ్ల వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత 155 సెంటీమీటర్లు. భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు 140. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11877తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చంద్రికి 283 వచ్చింది. గ్రాము తేడా లేకుండా చెప్పేది కాదు కానీ, ప్రతిసారీ అదే మనిషి, అదే వేళలో, మేత పెట్టకముందు కొలిస్తే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.

ఒంటి తీరుకు ఇంకో కొలత ఉంది. 1983లో టెక్సాస్‌లో హెన్నెకె అనే ఆయన బృందం 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతి తయారు చేసింది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా చూసి, చేత్తో తడిమి మార్కు వేయాలి. 5 అయితే సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు పక్కటెముకలు కంటికి కనబడవు, చేతికి తగులుతాయి. చంద్రివి వాకిట్లో నిలబడి లెక్కపెట్టొచ్చు. తోక మొదలు పొడుచుకొచ్చి ఉంది. నేను 3 వేశాను.

జనవరి 9

అమ్మినతను చెప్పిన మేత ఇది: జొన్న సొప్ప చేతికొచ్చినంత, పూటకో బకెట్ గోధుమ తవుడు, అప్పుడప్పుడు బెల్లం. తవుడును ఇక్కడ కోండా అంటారు. మా కొట్లో బస్తాలకు బస్తాలు ఉంది. కాబట్టి నేను దాన్నే ఇంకాస్త ఘనంగా చేశాను. పొద్దున ఒక బకెట్ తడి తవుడు, సాయంత్రం ఒక బకెట్, మధ్యలో జొన్నలు, నానబెట్టిన శనగలు. పచ్చిమేతకు పక్క చేనువాళ్ల నేపియర్ గడ్డి. సొప్ప మాత్రం మిగిలిన చోటును బట్టి, అంటే కొద్దిగా.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. నాది గుడ్డిది కాదు, బక్కది. ఇంకా బాగా పెట్టాలి కదా అని నా లెక్క.

జనవరి 24

పదిహేను రోజులు గడిచాయి. పొట్ట దిగింది, పక్కటెముకలు మాత్రం అలాగే ఉన్నాయి. టేపు పెడితే 156. ఒక సెంటీమీటరు మారడానికి ఊపిరి పీల్చి వదిలినంత తేడా చాలు.

ఇంకో మూడు సంగతులు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకటి, లద్దెలో జొన్నగింజలు చెక్కుచెదరకుండా కనబడుతున్నాయి. కడిగి నాటితే మొలకెత్తేలా ఉన్నాయి. రెండు, కట్టేసిన వేపగుంజను కొరికి కొరికి నడుము సన్నం చేసింది. మూడు, ఒకరోజు ముందు కుడికాలు, ఇంకోరోజు వెనక ఎడమకాలు కొంచెం ఎత్తెత్తి వేస్తోంది. గిట్టలో రాయేమో అని, నాడాలు కొట్టే నాలబందును పిలిపించాను. రాయీ లేదు, వాపూ లేదు.

డాక్టరును పిలవాలి. బావకు ఫోన్ చేస్తే, "ముందే చెప్పిన, ఇంకో బకెట్ పెంచు" అన్నాడు.

జనవరి 27

డాక్టరు పరభణిలో చదివినతను. మరాఠీ, హిందీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడతాడు. ముందు చంద్రి నోరు తెరిచి, నాలుక పక్కకు లాగి టార్చి వేశాడు. వెనక దంతాల అంచులు రంపంలా ఉన్నాయి, బుగ్గ లోపల పుండు పడింది. గుర్రం దంతం బతికినంత కాలం ఏటా కొన్ని మిల్లీమీటర్లు బయటికొస్తూనే ఉంటుందట, నమలడంలో అది అరగాలట. నా గుర్రానికి నమలడానికి పనేదీ? అన్నీ తడి తవుడే. ఆకురాయి లాంటి పొడవాటి రేకుతో అరగంట రాకి నున్నగా చేశాడు. ఆ చప్పుడు వింటే మన పళ్లు జివ్వుమంటాయి.

తర్వాత లద్దె, గుంజ చూశాడు. దాణా ఏం పెడుతున్నారని అడిగాడు. నేను గొప్పగా చెప్పాను. ఆయన మా గిర్ని వైపు చూసి నవ్వాడు.

"ఈ జబ్బుకు పాతకాలంలో ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు తెలుసా? మిల్లర్స్ డిసీజ్. గిర్నివాడి గుర్రానికొచ్చే జబ్బు."

అప్పట్లో పిండి మిల్లుల వాళ్లు తవుడు ఎలాగూ మిగిలేదే కదా అని గుర్రాలకు అదే పోసి పెంచేవారట. వాటి ఎముకలు బోలుబోలుగా అయిపోయేవి, ముఖం ఎముక ఉబ్బి తల పెద్దదయ్యేది. నూటికి నూరుపాళ్లు నా కథే.

లెక్క ఆయన కాగితం మీద వేసి చూపించాడు. దాదాపు 300 కిలోల గుర్రానికి, పనేమీ లేకపోతే, రోజుకు 12 గ్రాముల కాల్షియం, ఎనిమిదిన్నర గ్రాముల దాకా ఫాస్ఫరస్ చాలు. అంటే కాల్షియందే ఎప్పుడూ పైచేయిగా ఉండాలి, ఒకటికి ఒకటిన్నర, రెండు. నేను పెడుతున్న నాలుగు కిలోల తవుడులో ఫాస్ఫరస్ నలభై గ్రాములు దాటుతుంది, కాల్షియం ఐదు గ్రాములే. తలకిందులు. పైగా నేపియర్‌లో ఆక్సలేట్ ఎక్కువ. అది ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. అప్పుడు ఒళ్లు ఎముకలోంచి సున్నం తోడుకుంటుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం చాలాకాలం బాగానే కనబడుతుంది, అప్పు తెచ్చి ఖర్చుపెట్టేవాడి చేతిలో డబ్బు ఆడినట్టు. కాళ్లు మార్చి మార్చి కుంటడం దాని మొదటి లక్షణాల్లో ఒకటి. చంద్రి తల ఇంకా ఉబ్బలేదు. తొందరగా చూపించారు అన్నాడు. నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

అరుగు మీంచి బాపు అందుకున్నాడు: "మేం సుత తవుడు పెట్టేటోళ్లం. కాకపోతే వారానికి ఒక్క దినం. నువ్వు దినాం పెట్టినవ్." డాక్టరు దానికీ ఒప్పుకోలేదు. వారానికి ఒకసారి ఉన్నట్టుండి మేత మార్చినా పేగులోని సూక్ష్మజీవులకు ఇబ్బందేనట. బాపు మొహం తిప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

జనవరి 28

రాత్రంతా ఆయన చెప్పినవి నెమరేశాను. అసలు తప్పు తవుడొక్కటే కాదు. గుర్రాన్ని నేను బర్రెలా చూశాను.

బర్రెకు మేత ముందే పెద్ద సంచిలోకి వెళ్లి పులుస్తుంది. గుర్రానికి పులిసేది వెనకాల, పెద్దపేగులో. ముందున్న కడుపు చాలా చిన్నది, పది లీటర్లు, మహా అయితే పదిహేను. దాంట్లో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. అంటే ఏమీ నమలకుండా గంటలు గంటలు నిలబెడితే ఆ ఆమ్లం కడుపునే తింటుంది. గుంజ కొరకడం పొగరు కాదు, నమలడానికి ఏదో ఒకటి వెతుక్కోవడం. ఇక గింజలు ఒక్కసారిగా ఎక్కువ పోస్తే చిన్నపేగులో అరగని పిండి వెనక్కి జారి, అక్కడ పులిసి, కడుపునొప్పి, గిట్టల వాపు దాకా తెస్తుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకు పోవాల్సిందే.

కాబట్టి వరుస మారింది. మొదట గడ్డి, తర్వాత గడ్డి, ఆ పైన ఏమైనా తక్కువ పడితే దాణా. పీచుమేత తడి లెక్క తీసేసి ఒంటి బరువులో వందకు రెండు పాళ్లు, ఎంత తగ్గించినా ఒకటిన్నరకు తగ్గకూడదు. చంద్రికి రోజుకు ఆరు కిలోల చుట్టుపక్కల.

ఫిబ్రవరి 1

మార్పు ఒక్కరోజులో చేయొద్దన్నారు, పది పన్నెండు రోజులు పట్టాలి. తవుడు రోజుకు ముప్పావు డబ్బా చొప్పున తగ్గిస్తున్నాను.

ఇక్కడ ఒక సంగతి. మా కొట్లో కొలిచే రెండు లీటర్ల డబ్బాతో జొన్నలు ముంచితే కిలోన్నర తూగాయి. అదే డబ్బాతో తవుడు ముంచితే నాలుగువందల యాభై గ్రాములు. ఇరవై ఏళ్లుగా కాటా పక్కన కూర్చుంటున్నాను, నా గుర్రానికి మాత్రం డబ్బా లెక్కన పెట్టాను. "ఒక డబ్బా దాణా" అనే మాట ఈరోజుతో బంద్. అన్నీ తూకమే.

బావ ఇంకో సలహా ఇచ్చాడు: కాల్షియమే కావాలంటే పాన్ డబ్బాలో సున్నం ఉందిగా, తవుడులో కలిపెయ్. అది నోరు కాలుస్తుందయ్యా. కలిపితే మేతకు వాడే సున్నపురాయి పొడి కలపాలి, అదీ గ్రాముల్లో. మాకు ఆ అవసరమూ రాకపోవచ్చు, లూసర్న్ దొరికింది. గోదావరి వైపు ఒక రైతు బర్రెల కోసం అరెకరం వేశాడు. ఇక్కడ లసూణ్ ఘాస్ అంటారు. దాన్ని ఎండబెడితే వందలో ఒకటి పైన కాల్షియమే, ఫాస్ఫరస్ అందులో ఐదోవంతు. ఐదు కిలోల పచ్చి లూసర్న్‌తో రోజు కాల్షియం దాదాపు ఒడ్డున పడుతుంది. పొద్దున కోసింది కొంచెం వడలాక పెడుతున్నాను.

ఫిబ్రవరి 12

తవుడు సున్నా. నేపియర్ సున్నా. పచ్చి జొన్నమేత ఎవరు తెచ్చిచ్చినా వద్దంటున్నాను. లేత జొన్నలో విషం పశువుకే కాదు, గుర్రానికీ ముప్పే. దానికి మూత్రాశయం, వెనక కాళ్లు కూడా దెబ్బతింటాయి. కోసి బాగా ఎండిన సొప్పతో ఆ భయం లేదు.

సొప్పను మిషన్‌లో మరీ సన్నగా కొట్టించడం మానేశాను. పొట్టులా ఉంటే నమలకుండా మింగేస్తుంది. రెండు మూడు అంగుళాల ముక్కలు, పెట్టే ముందు నీళ్లు చిలకరించి దులపడం. ఎండుగడ్డి ఇక్కడ మారవేల్ అని దొరుకుతుంది, సన్నగా, తియ్యటి వాసనతో ఉంటుంది. దాన్ని చేపల వలలో కట్టి వేలాడదీశాను. వల గోదావరి దగ్గర పాతదే ఇచ్చారు, చాయ్ పైసలకు. కాలు ఇరుక్కోకుండా దాని ఛాతీకి పైనే కట్టాలి, ఖాళీ అయ్యాక కిందికి జారకుండా చూసుకోవాలి. ఇంతకుముందు అరగంటలో ఊడ్చేసే గడ్డిని ఇప్పుడు రెండు గంటలకు పైగా పీకుతోంది. గుంజ వైపు చూడటం మానేసింది.

దాణాలో బాపు మాట గెలిచింది: ఉలవలు. రాత్రి నానబెట్టి, పొద్దున వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించి, చల్లార్చి పెట్టడం. పచ్చి ఉలవల్లో మాంసకృత్తులు అరగనివ్వని పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుందట. బాపుకు ఆ సంగతి తెలియదు, "పచ్చివి పెడితే పొట్ట ఉబ్బుతది" అని మాత్రం తెలుసు. ఆయనకు రెండు మార్కులు. ఉడికించిన నీళ్ల మీద మాత్రం ఇంట్లో పంచాయతీ. సగం మా ఆవిడ చారుకు తీసుకుంటోంది. గుగ్గిళ్లు చంద్రికి, ఉలవచారు మాకు. పదేళ్లలో మా ఇంట్లో ఇంత ఉలవచారు ఎప్పుడూ కాయలేదు.

జొన్నలు గిర్నిలో రాయి ఎత్తి కచ్చాపచ్చాగా పట్టిస్తున్నాను. లద్దెలో గింజ కనబడటం ఆగింది.

కొట్లోనే ఉన్న పత్తిచెక్క, పశువుల దాణా, కోళ్ల దాణా మాత్రం ముట్టుకోనివ్వను. పత్తిచెక్క సంగతి అలా ఉంచి, కొన్ని పశువుల, కోళ్ల దాణాల్లో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. వాటికి మేలు చేసేవే, గుర్రానికి కొద్దిగా పోయినా గుండె కండరం దెబ్బతింటుంది, ప్రాణం పోవచ్చు. అందుకే చంద్రి తూకపు గిన్నె వేరే, దాని బస్తాలు వేరే మూల. కుర్రాడికి మూడుసార్లు చెప్పి ఎర్ర రిబ్బన్ కట్టాను.

ఫిబ్రవరి 23

రాసే ఓపిక ఇప్పుడొచ్చింది.

నేను పగలంతా గిర్ని రాళ్ల పనిమీద నిజామాబాద్‌లో ఉన్నాను. బావ, "ఊరికే నిలబడే పనే కదా" అని చంద్రిని బిలోలి వైపు ఒక పెళ్లికి తీసుకెళ్లాడు. రాత్రి తొమ్మిదికి తెచ్చి కట్టేశాడు. పదకొండున్నరకు బాపు నన్ను లేపాడు. "గుర్రం నేల తవ్వుతుంది."

వెళ్లి చూస్తే ముందుకాలితో నేల గీకుతోంది, ఆగి డొక్క వైపు చూసుకుంటోంది, పైపెదవి పైకి మడుస్తోంది. పడుకుంది, లేచింది, మళ్లీ పడుకోబోయింది. మెడ మీద చెమట, చేత్తో తడిమితే చల్లగా ఉంది. బాపు కుడి డొక్కకు చెవి ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నన్నూ ఆనించమన్నాడు. మామూలు రోజుల్లో అక్కడ దూరంగా ఉరిమినట్టు, నీళ్ల కుండ కదిపినట్టు ఏదో ఒక చప్పుడు ఉంటుంది. ఇప్పుడు గోడకు చెవి పెట్టినట్టుంది. నాకు చేతులు వణికాయి.

బావను గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది. పెళ్లికొడుకు దిగగానే ఆడవాళ్లు నానబెట్టిన శనగపప్పు పళ్లెం పెట్టారు, ఆచారమని. తర్వాత పిల్లలు బూందీ లడ్లు, జొన్నరొట్టెలు, మిగిలిన భక్ష్యాలు కూడా పెట్టారు. నీళ్ల బకెట్ బండిలో పెట్టుకోవడం మర్చిపోయారు. పొద్దున పది నుంచి ఇంటికొచ్చేదాకా ఒకే ఒక్కసారి తాగింది. పైగా ఇంటికొచ్చాక పాపం ఆకలేస్తుందని ఎండు సొప్ప దండిగా వేశాడట.

డాక్టరుకు ఫోన్ చేశాం. వచ్చేలోగా మేత ఒక్క పుల్ల కూడా లేకుండా తీసేయండి, మెల్లగా నడిపించండి, పొర్లనివ్వకండి అన్నాడు. బావ ఒక సీసాలో నూనె పోసుకొచ్చి, నాలుక లాగి గొంతులో పోద్దామన్నాడు. ఫోన్‌లోనే డాక్టరు అరిచాడు. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి గుర్రం ఇంకోలా చస్తుంది.

పన్నెండు ముప్పావుకు ఆయన వచ్చాడు. ముందు నొప్పి తగ్గే సూది వేశాడు. తర్వాత ముక్కులోంచి పొడవాటి గొట్టం కడుపులోకి దింపి, రెండో కొస కిందికి వంచి పట్టుకుని చూశాడు. వాంతి చేసుకోలేని జంతువు కాబట్టి, లోపల ఒత్తిడి పెరిగితే కడుపు చిట్లిపోతుంది. నీళ్లు వెనక్కి వస్తున్నాయా అన్నదే మొదట చూడాలట. రాలేదు. అప్పుడే గొట్టంలోంచి లిక్విడ్ పారాఫిన్, గోరువెచ్చని నీళ్లు పోశాడు. చేయి లోపల పెట్టి చూసి, పేగులో ఎండిన మేత గడ్డకట్టింది, మెలిక పడినట్టు లేదు, చూద్దాం అన్నాడు. ఆ "చూద్దాం" అన్న మాటకు నాకు పుట్టిన టెన్షన్ మా అబ్బాయి పదో తరగతి రిజల్టుకు కూడా లేదు.

పది నిమిషాలు నడిపించడం, పది నిమిషాలు ఆపడం. మా వీధి కుక్కలకు కూడా విసుగొచ్చి పడుకున్నాయి. నాలుగు ఇరవైకి చంద్రి తోక ఎత్తింది. నిమ్మకాయంత గట్టి ఉండలు ఐదారు, మీద జిగురు. బాపు టార్చి వేసి, వంగి, ఒక ఉండను చేత్తో విరిచి చూశాడు. "మల్లన్న లద్దె రూపంల వచ్చిండురా" అన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ వెలుగులో తెలియలేదు. ఐదింటికి మళ్లీ డొక్కకు చెవి పెట్టాను. దూరంగా ఉరిమింది.

మధ్యాహ్నం దాకా నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. తర్వాత గుప్పెడు గరిక. బావ ఒక మూల కూర్చుని తనే ఏరి తెచ్చాడు. అతన్ని ఏమీ అనలేదు. జనవరిలో నేను చేసిందీ దాదాపు అదే పని, కాకపోతే అతను ఒక్కరోజులో చేశాడు.

మార్చి 9

ఇప్పుడు రోజుకు పెడుతున్నది ఇది. మారవేల్ ఎండుగడ్డి మూడు కిలోలు, జొన్న సొప్ప రెండున్నర, పచ్చి లూసర్న్ ఐదు. దాణా మొత్తం కలిపి కిలో పావు: ఉలవలు అర కిలో, కచ్చా జొన్నలు ముప్పావు కిలో, మూడు పూటలుగా. ఒక్క పూటకు అర కిలో దాటనివ్వను. పల్లీనూనె వారం కింద ఒక చెంచాతో మొదలుపెట్టి ఇప్పుడు యాభై మిల్లీలీటర్లకు వచ్చాను. గింజ పెంచకుండా బలం పెంచాలంటే నూనె మంచి దారి. దొడ్డుప్పు ఇరవై గ్రాములు, అది కాక నాకడానికి సైంధవ లవణం గడ్డ ఒకటి.

కడుపులో పురుగులు పోయే మందు టేపు బరువు చూసి ఇచ్చారు. లద్దెను రోజూ తీసి దూరంగా కుప్ప వేస్తున్నాం, అది ఎరువుగా లూసర్న్ రైతుకు పోతోంది. ఆయన లూసర్న్ కట్టకు రెండు రూపాయలు తగ్గించాడు.

బూజు వాసన వచ్చిన ఒక మక్కల బస్తా ఉచితంగా ఇస్తానని ఒకరు వచ్చారు. బూజు పట్టిన మక్క గుర్రం మెదడునే కరిగిస్తుందని చదివాక ఉచితానికి ఆశపడలేదు. నేను వద్దన్నానని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

మార్చి 29

ఎండలు మొదలయ్యాయి. జనవరిలో రోజుకు పదహారు, పద్దెనిమిది లీటర్లు తాగేది. ఇప్పుడు ముప్పై దాటుతోంది. మొన్న రెండు రోజులు ఇరవైకి పడిపోయింది, లద్దె గట్టిపడింది. కారణం వెతికితే, మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు. మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత వేడి. సాలలో పాత మట్టి గోలెం పెట్టి పొద్దున్నే నింపుతున్నాను, మీద తడి గోనెపట్ట. మళ్లీ ముప్పై రెండు తాగింది. తాగినదాన్ని బకెట్ లెక్కన గోడ మీద సుద్దతో గీస్తున్నాం. మా చిన్నమ్మాయికి ఆ డ్యూటీ.

ఏప్రిల్ 12

పొద్దున ఆరింటికి, మేత పెట్టకముందు, నేనే కొలిచాను. చుట్టుకొలత 162. లెక్క వేస్తే 309 కిలోలు. పక్కటెముకలు కంటికి కనబడటం లేదు, చేయి వేసి కొంచెం నొక్కితే తగులుతున్నాయి. నేను 5 అన్నాను, డాక్టరు నాలుగున్నర అన్నాడు. బాపు ఈ మార్కుల గొడవ ఒప్పుకోడు. నడుము మీద అరచేయి పెట్టి, "నీళ్లు పోస్తే నిలబడవు, రెండు దిక్కుల జారుతయ్, గది సాలు" అన్నాడు.

బావ అక్షయ తృతీయకు మూడు బరాతులు ఒప్పుకున్నాడు. పెళ్లి సంచి కూడా తయారుచేశాడు, అందులో రెండు బకెట్లు, తడి గుడ్డ, ఉప్పు పొట్లం, కట్టలు కట్టిన గరిక. ఎవరైనా గుర్రానికి ఏదైనా పెట్టాలని మొక్కుకుంటే గుప్పెడు గరిక ఇచ్చి వాళ్ల చేత్తోనే తినిపిస్తాడట. ఈ ఐడియా అతనిదే. బాగుంది.

కానీ సాయంత్రం సందు చివర దాకా నడిపించి తెస్తుంటే డాంబరు రోడ్డు మీద మొదటి పది అడుగులు కుడి ముందుకాలు పొట్టిగా వేసింది. ఆ తర్వాత సర్దుకుంది. మట్టి మీద అసలు తెలియడం లేదు. ఎముకలోంచి పోయిన సున్నం మళ్లీ చేరడానికి నెలలు పడుతుంది, ఏడాది దాకా కూడా పట్టొచ్చని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. కండ తొందరగా వచ్చేసరికి ఆ మాట మేమంతా మరచిపోయాం.

బావకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, రెండు బరాతులకు బయటి గుర్రాన్ని చూస్తాను, మూడోది మన వీధిలోదే కదా, మట్టి దారి, అరగంట అన్నాడు. అది కూడా నాలబందు చూశాకే అన్నాను. అతను పదిహేనున వస్తానన్నాడు. అప్పటిదాకా డాంబరు లేదు, లూసర్న్ అర కిలో ఎక్కువ.

కొట్లో తవుడు బస్తాలు ఇంకా పదకొండు ఉన్నాయి. బర్రెలవాళ్లకు కొన్న ధరకే ఇచ్చేస్తున్నాను.